గడప

గడప మీద కూర్చోకూడదని మావైపు శాస్త్రం.
ఇక్కడ, యాంకరేజ్‌లో,
సగం రాష్ట్రం గడప మీదే కూర్చుని ఉంది.

బెతెల్‌లో పొగమంచు. మూడో రోజు.
బోర్డు మీద ఊరి పేరు ఎర్రగా, మానని దద్దురులా.

రోడ్డు లేని ఊళ్ళకి నేను కాటా మనిషిని.
డైపర్లు, కిటికీ అద్దం, పడవ మోటారు,
చలికి నల్లబడతాయని
కోటు లోపల పొదువుకొచ్చిన అరటిపళ్ళు.
పెట్టెల్ని తూస్తాను, మనుషుల్నీ తూస్తాను.
మనుషుల అంకె పైకి చదవను.

నస్తాసియా కిందటి నెల నిండు చూలాలిగా దిగింది.
వాళ్ళూళ్ళో కాన్పు చేసేవాళ్ళు లేరు,
నెల ముందే వచ్చి ఇక్కడ కాచుకోవాలి.
ఇవాళ కాటా ఎక్కుతూ పసిదాన్ని నా చేతిలో పెట్టి
“దీన్ని వేరే రాయి” అంది.

ఏడు పౌన్లు.
'సొంతూరు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది,
ఇది ఇంకా చూడని ఊరు.
రాశాను.

అద్దం అవతల పెద్ద విమానాలు
టోక్యోకో ఎక్కడికో, మావైపు చూడకుండా.

చీకటి పడ్డాక చెప్పారు, ఇవాళా లేదని.
ఆమె కౌంటరు పక్కనే కోటు పరుచుకుంది.
అరటిపళ్ళు ఎవరో తలా ఒకటి పంచేశారు,
నాకూ ఒకటి.

రేపు అందర్నీ మళ్ళీ తూచాలి.