గడియ

పాట ఎప్పుడూ చలితోనే మొదలవుతుంది.
తలుపు మీద మూడు దెబ్బలు.
లోపల ఒక పిల్ల, ఆరిపోవచ్చిన పొయ్యి.
బయట ఓడ దిగి వచ్చినవాడు
లాంతరు అరువడుగుతున్నాడు.

ఆర్విల్లా అత్త ఇది పాడేటప్పుడు
కళ్ళు మూసుకునేది కాదు, చేతులు ఆపేది కాదు.
ఒళ్ళో బీన్సు కాయలు, సూదిలో మందపు దారం.
కాయ నడుముకి గుచ్చి గుచ్చి దండ కడుతూ
పక్కింటి సంగతి చెప్పినట్టు పాడేది.
గొంతులోకి ఏడుపు రానిచ్చేది కాదు.
"ఏడవాల్సింది వినేవాళ్ళు. నాకు పనుంది."

మా స్పైస్‌లిక్ వాగు లోయలోకి
ఎండ పదింటికి దిగి, మూడింటికి కొండెక్కిపోతుంది.
సముద్రం చూసినవాళ్ళు ఇద్దరే,
ఇద్దరూ యుద్ధానికెళ్ళి.
అయినా పాటలో తెరచాప ఉంది,
ఉప్పుగాలికి పగిలిన పెదవులున్నాయి.
బొగ్గు దగ్గు దగ్గే మా తాత
ఆ చరణం దగ్గర నాలుకతో పెదవి తడుపుకునేవాడు.

కథ ఇంతే.
మొదటిసారి తడితే ఆ పిల్ల గడియ తీయదు.
రెండోసారీ తీయదు.
మూడోసారి కిటికీలోంచి లాంతరు అందిస్తుంది
వేళ్ళు తగలకుండా.
తెల్లారి చూస్తే లాంతరు
సమాధుల దడికి వేలాడుతోంది, ఇంకా వెలుగుతూ.
మంచులో అడుగులు,
వచ్చినవి ఉన్నాయి
వెళ్ళినవి లేవు.

ఎందుకు తీయలేదు?
ఆ చరణం పోయింది.
ముత్తవ్వ వెర్డీకి వచ్చేదట.
మాట పడిపోయిన ఏడాది
దాన్ని తనలోనే ఉంచేసుకుంది.
అత్త అక్కడికి రాగానే పాట ఆపి
ఒక చరణమంత సేపు ఊరుకునేది.
సూది మాత్రం నడిచేది.
ఆ గడియసేపు మేం పిల్లలం
తలుపు వైపు చూసేవాళ్ళం కాదు.

తాగి కొట్టే మొగుడై ఉంటాడని ఎస్టిల్ మామ.
పదమూడేళ్ళప్పుడు నాకది భయం.
విడాకుల కాగితం మీద సంతకం పెట్టి వచ్చిన రాత్రి, కోపం.
ఇప్పుడైతే
తీద్దామనే లేచి ఉంటుంది,
మోకాళ్ళు సహకరించి ఉండవు.

ఒకసారి కాలేజీ నుంచి ఒకాయన
టేపు రికార్డరు మోసుకుంటూ వచ్చాడు.
ప్రతి చరణం చివరా వచ్చే "తరావెన్"
పాత దేశంలో ఏదో ఊరి పేరని,
మీరు తప్పు పలుకుతున్నారని అన్నాడు.
అత్త సూది ఆపగా చూడటం అదే మొదలు.
"అది ఊరు కాదు నాయనా, ఊపిరి.
అక్కడ గుక్క తిప్పుకుంటాం."

అత్త పోయిన ఆరేళ్ళకి, జులైలో,
రాత్రి రెండింటికి
నా తలుపు మీద మూడు దెబ్బలు.
గట్టు తగాదాతో పదకొండేళ్ళుగా
మాటల్లేని లాంజో టాకెట్.
"వాగు లేచింది. టార్చి ఉందా?"

తీశాను.

మా లోయలో ఎత్తయిన చోటు శ్మశానమే.
చచ్చినవాళ్ళని తడవనివ్వం,
బతికున్నవాళ్ళం పల్లంలో ఉంటాం.
పద్నాలుగు మందిమి, రెండు కుక్కలు,
ఎవరిదో కుట్టుమిషను.
లాంజో టార్చి దడికి తగిలించాడు.
కింద మా చర్చి పియానో
ఒకసారి మోగింది, కొట్టుకుపోతూ.

ఎవరో పిల్లాడు ఏడుపు ఆపడం లేదు.
నాకు వచ్చింది అదొక్కటే, ఎత్తుకున్నాను.
చలి. తలుపు. లాంతరు.
పోయిన చరణం దగ్గరికి వచ్చి
అత్తలాగే ఆగాను.
చేతిలో సూది లేదు,
తడి కొంగు మెలిపెట్టాను.
ఆ ఖాళీ నిండా వాగు హోరు.

"ఇంతకీ ఎందుకు తీయలేదే ఆ పిల్ల?"
చీకట్లోంచి లాంజో, గొంతు రాసుకుపోయి.

గుక్క తిప్పుకుని
తర్వాతి చరణం అందుకున్నాను.