గురువారం ఎర్ర కవరు

అయిదువేల మూడువందల పన్నెండు నాణేలు.
కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను.
పోయిన వారం పదకొండువందలు దాటలేదు.
తెర మీద నా బుల్లి ఇంటి ముందు
పోస్టుడబ్బా ఎర్రగా ఆరి వెలుగుతోంది,
తప్పంతా నాదేనన్నట్టు.

టార్టు ఊరు మంచు కింద ముడుచుకుని ఉంది.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి షిఫ్టు దిగి,
లిఫ్టు లేని అయిదో అంతస్తు ఎక్కి,
దుప్పట్ల ఆవిరి వాసన చేతుల్ని వదలకముందే
కూర్చున్నాను, లేని ఇంటి లెక్కలకి.

ఆ ఇంట్లో తినే నోళ్ళు రెండు,
అందులో ఒకటి పిల్లిది.
హెల్గి పొదుపరి.
కన్ను కనపడనంత చీకటైతే గాని దీపం వేయదు
(నేను వేయనివ్వను).
మరి ఇంత సొమ్ము ఎవరు తాగుతున్నట్టు?

ముందు ఫ్రిజ్జుని అనుమానించాను.
తరవాత, పట్టపగలు వెలిగే వాకిటి బల్బుని.
స్నానాల తొట్టిని తీసేయించాను.
చేపల తొట్టి అమ్మేశాను, చేపలతో సహా.
హెల్గి తిరిగి నా వైపు చూసింది.
చూడటం కాదులే, అప్పుడప్పుడు మెడ తిప్పమని
ఎవరో రాసిపెట్టిన ఏర్పాటు.
అయినా నేనే చూపు తప్పించాను.

మరుసటి గురువారం అయిదువేల ఏడువందల నలభై.
అమ్మినకొద్దీ పెరిగే బిల్లు
నేను పుట్టి ఎరగను.

ఎదురింటి ఉకు తాళంచెవి మరిచి
మా తలుపు కొట్టాడు ఆ సాయంత్రం.
పన్నెండేళ్ళు. తడి చేతితొడుగులు నా హీటరు మీద ఆరేసి,
నల్లరొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని నములుతూ
తెరలోకి తల దూర్చాడు.
"గోడలకి అవేంటి?"
"బొమ్మలు. ఆర్వెద్ వేసినవి."
"ఆయనేడి?"
"పోయాడు. ముసలితనం.
పొయ్యి దగ్గర, గుడ్డు వేపుతూ వేపుతూ."
"అదే మరి, ఐలీ!" అన్నాడు, నోటి నిండా రొట్టెతో.
"వేసినవాడు పోతే బొమ్మ ధర పెరుగుతుంది.
ఇంట్లో ఉన్న సరుకు విలువ మీదే బిల్లు.
ఇది కూడా తెలీదా?"

తెలీదు.
పదిహేడు బొమ్మలు.
నేను షిఫ్టుకి పోతూ ఆట ఆపడం మరిచిన రోజుల్లో
వేరే పని లేక వేసుకున్నాడు పాపం.
సగం సొట్టపోయిన ఆపిల్‌పండు.
బోర్లా పడుకున్న పడవ.
పిల్లి, కుక్కలాగా.
ఉన్నన్నాళ్ళూ నలభై నాణేలకి అడిగిన దిక్కు లేదు.
ఇప్పుడు ఆ సొట్ట ఆపిల్ ఒక్కటే
పంతొమ్మిది వందలు.

"అమ్మెయ్" అన్నాడు ఉకు.
"ఆపిల్ నొక్కు, ఎర్రది నొక్కు, అయిపోయింది."
ఆపిల్ నొక్కాను.
ఎర్రది మీద వేలు పెట్టాను.
సరిగ్గా అప్పుడు హెల్గి, ఎవరూ చెప్పకుండానే,
వంటగదిలోంచి నడిచొచ్చి
ఆ గోడ ముందు నిలబడింది.
నెత్తిన ఒక తెల్లబుడగ లేచింది.
అందులో ఆర్వెద్ ముఖం, గోరంత.
చెంపల మీద రెండు నీలిచుక్కలు.

ఆ ఇంట్లో నీళ్ళకి మీటరుంది, కరెంటుకి ఉంది.
వీటికే లేదు.

వేలు తీసేశాను.
మంచం అమ్మాను. సోఫా ఉందిగా.
ఫ్రిజ్జూ పోయింది. బయటంతా మంచే,
పాలు కిటికీలో పెట్టుకుంటుంది.
ఎర్ర కవరు కట్టేశాక మిగిలినవి నలభై ఏడు.
వచ్చే గురువారం సంగతి
వచ్చే గురువారానిది.

ఉకు నన్ను వింతగా చూశాడు,
లెక్కలు రాని పిల్లని టీచరు చూసినట్టు.
తరవాత తెర మీద ఒక మూల వేలు పెట్టాడు.
"పొయ్యి మీద ఈ పెనంలో నల్లగా ఏంటి?"
"ఆ గుడ్డే."
"ఇంకా తీయలేదా? ఈగలు ముసిరాయి."
"దాని ధరెంత?"
నొక్కి చూశాడు.
"సున్నా."

"అయితే ఉండనీ."