అయస్కాంతం

గ్రీమ్స్‌పేట షెడ్డులో
ఖాదర్‌వలీ బానెట్ ఎత్తనే లేదు.
జేబులోంచి అయస్కాంతం తీసి, గుడ్డ చుట్టి
తలుపుల మీద పాకించినాడు.
ఎడమ వెనక తలుపు కాడ
అది జారి పడింది.
"పుట్టీ, సామీ. గుద్దించిన బండి."

మీటరు నలభై వేలే అంటాది.
బ్రేకు పెడలు రబ్బరు మాత్రం
గంధం సాన మాదిరి నున్నగా అరిగిపోయింది.
"కొండకు ఎన్నిసార్లు ఎక్కిందో?"
మునిరత్నం సారు
తుడిచిన అద్దాన్నే మళ్ళా తుడస్తా ఉండాడు.

నా పెండ్లాం వెనక సీట్లో కూర్చుని
మోకాళ్ళు చాపి చూసింది.
డిక్కీలో బియ్యం మూట పడతాదంట.
ఆమె కండ్లు అప్పుడే కొనేసినాయి.

ఇరవై వేలు తగ్గినాడు.
తాళాలు అందుకుంటా
ఖాదర్‌వలీ చేతిలోని అయస్కాంతానికి
రవంత ఎడంగా జరిగినాను.
నిన్ననే
జుట్టుకు రంగేసుకున్నాను.