సుట్టబట్ట

జట్‌పురా గేటు కాడికొస్తె బరాతు ఆగుతది.
ముందట గుర్రం, ఎనుక బాజా,
బాజా సప్పుడు కమానుకు తాకి
రెండింతలై మళ్ల మన నెత్తి మీదనే పడ్తది.
మా అవ్వ ఓదెమ్మ
ఆరు గొట్టాల దీపం నెత్తిన వెట్టుకొని
గోడకు ఆనకుండ నిలవడేది.
ఆనితె వైరు తెగుతది,
తెగితె వాసేకర్ సేటు ఇరవై కోస్తడు.

ఆ వైరు ఇంకో కొస నా కాడ.
జనరేటరు బండి తోసేటోణ్ని,
పదకొండేండ్లు, అంగి నిండ డీజిలు వాసన.
ముందట నడిచే పన్నెండు దీపాలల్ల
ఏది అవ్వదో
మడిమెలు సూసి గుర్తువట్టేది.

కమాను మీద రాతిల ఏనుగు,
ఏనుగు మీద సింహం.
గోండు రాజులు సెక్కిచ్చిండ్రంటరు.
అవ్వ తెచ్చిన ఎలుగు
సక్కగ పోయి ఆ సింహం మొకం మీద పడేది.
నాకు కనవడేది, పెండ్లిపిలగానికి కనవడేది,
తాగి ఎగిరేటోళ్లకు సుత కనవడేది.
అవ్వకు లేదు.
నెత్తి మీద దీపమున్నోళ్లు పైకి సూడద్దు.

పొద్దుగాల సూడరాదె అంటె
"పొద్దుగాల నాకు ఆ గేటుతోని ఏం పని?
కూరగాయలకు బగడ్ ఖిడికీల పడి పోతె దగ్గర" అనేది.

నాయిన పోయిననాడు గేటు అక్కర రాలె.
కోటగోడకు పీనుగుల కోసమని
మసాన్ ఖిడికీ, సిన్న దారి.
పాడె మోసేటోళ్లు వంగిండ్రు.
బాజా లేదు, దీపం లేదు,
అవ్వ వట్టి నెత్తితోటి అండ్లకెల్లి నడిచింది.
అలవాటు పోలె,
మెడ నిటారుగనే ఉండె,
నుదురు పోయి రాయికి కొట్టుకున్నది.

ఇప్పుడు నా బిడ్డ సదువుతది, అవ్వకు సదివి ఇనిపిస్తది.
రోమోళ్ల పట్నాల కథ.
రాజ్యం పల్సవడ్డ కాలంల
గోడలు ఎత్తు లేపిండ్రట, గేట్లు సన్నం జేసిండ్రట.
చక్రవర్తి వస్తుండంటె
స్తంభాల బజారు పొడుగూత
దివిటీలు వట్టుకొని నిలవడ్డరట.
అవ్వ పండ్లు లేని నోరు తెరిచి అంత ఇన్నది.
"మరి మెడకు ఏం రాసుకునేటోళ్లట?"
పిల్ల పేజి తిప్పింది. ఇంకోటి తిప్పింది.
"రాయలేదు నాయినమ్మా."
"జండుబామయితె కాదు తియ్" అన్నది, తనకు తానే.

మొన్న దవాఖాన్ల సూపిచ్చి తోలుకస్తున్న,
నా ఆటోల, గేటు కింద, ట్రాఫిక్ జాం.
ఇంజను బందు వెట్టిన.
అవ్వా, ఇప్పుడన్న సూడే పైకి.
మెడ లేవది. లోపల రెండు బొక్కలు
అతుక్కపోయినయన్నడు డాక్టరు.
పక్క అద్దం ఇప్పి
ఆమె ఒడిల వెట్టిన, ఆకాశం దిక్కు.

సాన సేపు సూసింది.
ఎనుక హారన్లు, తిట్లు, మరాఠిల, మన భాషల.
సింహం గురించి ఒక్క మాట అనలె.
అద్దం మీద దుమ్ము కొంగుతోటి తుడిచి
మళ్ల సూసి,
"గా ఏనుగుకు
సుట్టబట్ట ఏదిరా" అన్నది.