కారే గొడుగు

గొడుగు కారుతోందని తిరిగి తెచ్చారా?
కూర్చోండి. చెప్పులు ఆ రాతి మీద విడవండి.
ఎక్కడ కారుతోందో విప్పకుండానే చెప్తాను:
పదిహేడో పుల్లకీ పద్దెనిమిదో పుల్లకీ మధ్య,
ఆవగింజంత చోట.
అవునా?
మా దుకాణంలో ఏ గొడుగైనా అక్కడే కారుతుంది.

మా ముత్తాత ఇసాబురో రోజుల్లో
ఈ కురసవ సరస్సు మీద డెబ్బై రోజులు చినుకు రాలలేదు.
వరిమళ్లు పెంకుల్లా పగిలాయి.
గొడుగులు చేసేవాడింట్లో ఆ ఏడు గంజి ఎంత పలచనో
మీరే ఊహించుకోండి.
ఊరివాళ్లు గడ్డితో డ్రాగన్‌ని పేనారు,
ముప్పై మంది మోసుకెళ్లి నీళ్లలో దింపారు,
పెద్ద డోలు పగిలేదాకా బతిమాలారు.
బతిమాలితే వినని వాళ్లని ఏం చేస్తాం? కవ్విస్తాం.
సరస్సు అడుగున ఉండే ఆవిడకి ఇనుము గిట్టదు.
కోపం వస్తే ఆవిడ లేస్తుంది, ఆవిడ లేస్తే మబ్బు లేస్తుంది.
విసిరారు: విరిగిన నాగటి కర్రులు, వంగిన మేకులు,
చిల్లుపడ్డ బాణలి,
మా ముత్తాత వెదురు చీల్చే కత్తి.
వాళ్ల నాన్న ఇచ్చిన కత్తి అది.

మూడో రాత్రి ఎవరో తలుపు తట్టారు.
ఒక ఆడమనిషి. వయసు పోల్చలేం.
ఊరంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటే
ఆవిడ ఎడమ చేతి అంచు మాత్రం
చుక్క, చుక్క.
ముందు చూసింది మా ముత్తవ్వ నుయి.
మొగుడి వీపు మీద గిల్లింది.
ముడిచిన గొడుగొకటి చాప మీద పెట్టి
"మా ఇంటి కప్పు," అంది ఆవిడ. "చిరిగింది."

విప్పితే గది చాలలేదట.
అలల్ని ఆరబెట్టి పుల్లలకి అతికించినట్టుంది,
లోపలివైపు చేపల నీడలు తాపీగా తిరుగుతున్నాయి.
పదిహేడో పుల్ల పక్కన సన్నని కోత.
ముప్పై ఏళ్లు పట్టుకున్న కత్తి కోత
తెలియకపోవడం ఏముంది?
నోరు విప్పకుండా పనికి కూర్చున్నాడు.

మల్బరీ కాగితం ఉంది, పచ్చి పెర్సిమ్మన్ కాయల రసం ఉంది,
జిగురుకి పిండి ఉంది,
పిండి కలపడానికి నీళ్లు లేవు.
ఉన్నది ఒక్క గరిటెడు.
పొద్దున పిల్లాడికని నుయి దాచింది.
(ఆ పిల్లాడు మా తాత.)
నుయి కుండకేసి చూసింది, పిల్లాడికేసి చూసింది,
కారుతున్న ఆ అంచుకేసి చూసింది.
కాస్త పిండి ఇవ్వమ్మా అనొచ్చు,
ఇంటికొచ్చిన మనిషిని అలా ఎలా అడుగుతాం?
గరిటె తెచ్చి ఇచ్చింది.
పూర్తిగా కాదు. సగం.

తెల్లవారుజామున "ఎంత?" అంది ఆవిడ.
"ఆ కత్తి నాది," అన్నాడు మా ముత్తాత.
"తెలుసు. పిడి మీద మీ ఇంటి ముద్ర ఉంది.
లేకపోతే ఇన్ని గుమ్మాల్లో దీన్నే ఎందుకు తడతాను?"
కత్తి తీసి చాప మీద పెట్టింది.
ఇనుము తాకిన వేళ్లు కమిలిపోయి ఉన్నాయి.
వంగినప్పుడు మెడ కింద ఒక్క పొలుసు,
మిగతావాటికి ఎదురు తిరిగినది,
మెరిసి, బట్టల్లోకి దాక్కుంది.

వాన పడిందా అనే కదా మీ అనుమానం.
పడింది. నాలుగు రోజులు పోయాక,
అదీ ముందు కొండవతల ఊళ్లో.
ఆవిడ మనసు ఇంకా కుదుటపడలేదేమో,
వేళ్ల మంట తగ్గలేదేమో.
ఊరు మాత్రం ఈనాటికీ
బాణలి విసిరాం, వానొచ్చింది అంటుంది.

సగం గరిటెడు నీళ్ల జిగురు కదా,
చివర్లో ఆవగింజంత చోట చాలలేదు.
ఆ సంగతి మా ముత్తాతకి తెలుసు,
ఆవిడకీ తెలుసు, తల వంచి వెళ్లిపోయింది.
సరస్సు కింద ఆ ఇంట్లో
ఇప్పటికీ అక్కడ కారుతూనే ఉంటుంది.
అందుకని మేమూ మూయం.

డబ్బు కావాలంటే తిరిగి ఇచ్చేస్తాను.
ఉంచుకుంటానంటారా, కాస్త ఎడమకి తిప్పి పట్టుకోండి,
మీ భుజం మీద పడదు.
పక్కన నడిచేవాళ్ల మీద పడుతుంది.
అడిగితే, కురసవలో కొన్నానని చెప్పండి.