తిరగేసి కుట్టిన సంచి

మిర్యాలగూడల రాత్రి తొమ్మిదిన్నర.
బస్టాండు ఎనక సైదులు నెట్ సెంటర్ల
మూడో కంప్యూటర్. మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయినయి.
"హాల్ టికెట్టా అక్కా?" అన్నడు.
"ఆఁ, హాల్ టికెట్టే."
మొదటి అబద్ధం అక్కడ్నే ఆడిన.

మిల్లుల కాంటా కాడ కూసుంట నేను.
లారీ ఎక్కుతది, అంకె ఊగుతది,
అంకె నిలవడ్డంక చీటీ కొడత.
ఏడేండ్లు. అంకెకు అబద్ధం రాదు,
దాని ముంగట కూసున్నోళ్లకే వస్తది.

రేషను బియ్యం మా కాడికి రాత్రిపూటనే వస్తయి.
ఇస్తారన్న సంచి కుమ్మరించి, తిరగేసి,
సర్కారు ముద్ర లోపలికి పోయేటట్టు
మళ్ల కుడతడు.
తెల్లారెసరికి అది కొత్త సంచి, కొత్త పంట.

ఆ పేజీ పేరడగలే, ఫోన్ నంబరడగలే.
కులం కూడ.
గసొంటి దరఖాస్తు బతుకుల చూడలే.
తాళం మాటొకటి పెట్టుమన్నది, పొడుగ్గ.
మా నాయినమ్మ పొడుపుకథ పెట్టిన.
దాని విడుపు ఆమెతోనే మట్టిలకు పోయింది.

రాసి చదువుకుంటే
నా గొంతే వినవడ్డది.
ఒకకాడ "గట్ల", ఇంకోకాడ "పానం నిమ్మలం లేదు".
ఎవలు తాళం పగలగొట్టాల్సిన పని లేదు,
ఈ యాస సాలు నన్ను పట్టిచ్చెటందుకు.
బ్రౌజర్ నా అడుగులు తుడుస్తదంట.
నా నాలికెను ఎవలు తుడవాలె?

ఒక్కొక్క మాట పీకిన.
"గట్ల" తీసి "ఆ విధముగా" పెట్టిన,
"షావుకారి" తీసి "యాజమాన్యం".
ఆఖరుకు చూస్తే
ముద్ర లోపలికి పోయిన సంచి.
ఇస్తారన్నా,
నీ దబ్బనమే పట్టిన నేను గూడ.

చీటీల ఫొటోలు పద్నాలుగు. పంపిన.
అక్షరాలన్ని ఇక్కడ్నే నూకలైతయంట,
అవతల తాళంచెవి ఉన్నోళ్ల చేతులనే
మళ్ల నిండు గింజలైతయంట.
మిల్లుల పనిచేసేదాన్ని,
నూక మళ్ల గింజయితదంటే ఎట్ల నమ్మాలె?
నమ్మిన.
కిటికీ మూసిన. అది నన్ను మరిసింది.
సైదులుకు ఇరవై రూపాలిచ్చిన.
"ప్రింటు తియ్యలేదేందక్కా?"
"సర్వర్ బిజీ."

తొమ్మిదో నాడు జవాబొచ్చింది, ఒక్కటే లైను:
"మీరు కాంటా దగ్గర పనిచేస్తారా?"

చెవుల్ల లారీ ఇంజను మోత.
పంపిన ఉత్తరం మళ్ల తెరిచిన,
మొదటికెల్లి, ఏలు పెట్టి,
ఒక్కొక్క లైను.

నాలుగో పేరాల మరిసిన, తియ్యలే:
"అంకె నిలవడ్డంక" అని.