తరుగు

కొత్త స్టేషను కాలవకి అవతల కట్టారు.
ఇవతలది పదకొండేళ్ళు పందికొక్కులకి వదిలేసి
ఇప్పుడు లీజుకిచ్చారు.
పెంకులు దింపి రేకులేశారు, కిటికీలకి నల్లపట్టా.
లోపల మాత్రం రాత్రీ పగలూ ఊదా వెలుగు,
వంకాయ తొక్కలోంచి లోకాన్ని చూస్తున్నట్టు.

పాత నేరస్తుల ఫొటోలు అంటించిన గోడకి
లైసెన్సు ఫ్రేము కట్టి వేలాడదీశారు.
లాకప్పులో తల్లిమొక్కలు.
నలభై వాట్ల బల్బు మాడిపోతే
మూణ్ణెల్లు ఇండెంటు మీద ఇండెంటు పెట్టిన గది అది.
ఇప్పుడు ఆకాకు మీదా ఎంత వెలుతురు పడాలో
లెక్క చెప్పే కుర్రాడున్నాడు, బెంగుళూరు నుంచొచ్చాడు.
మొక్క కాస్త వాలితే
మెడ కింద చెయ్యేసి లేపుతాడు.

ఫిట్సొచ్చే పిల్లలకి చుక్కల మందంట.
ఆకు ఒలవడానికి రొయ్యల షెడ్డు మానేసిన ఆడాళ్ళొస్తారు.
మంగాయమ్మ మొదటిరోజే సరదాకి
తులసి కుండీ తెచ్చి గుమ్మంలో పెట్టింది.
"పురుగు పడుతుందండీ, బయట పెట్టండి" అన్నాడు కుర్రాడు.
ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు.

నన్ను తూకానికి పెట్టుకున్నారు.
"రైటరు గారూ, మీకు అనుభవం ఉంది కదండీ."
ఉందండి.
పంతొమ్మిదేళ్ళు మాల్‌ఖానా తాళం నా మొలకే వేలాడింది.
పట్టుకున్న మూటలు తూచాను, లక్క పోశాను, చీటీ అంటించాను.
ఏడాది తిరిగేసరికి మూట తేలికైతే
తరుగు గళ్ళో రాశాను: ఎలుకలు.
కొంత ఎలుకలే.

ఇక్కడ కోసింది కోసినట్టు తూస్తాం,
ఆరబెట్టి మళ్ళీ తూస్తాం.
వంద కేజీల పచ్చిది ఇరవై రెండుకి దిగుతుంది.
మొదటిసారి నేను కాటా తట్టి చూశాను.
"మిగతాది నీళ్ళండీ" అన్నాడు కుర్రాడు.
తేమ లాగే మిషను గోదారి గాలి తాగి తాగి
పైపులోంచి బొట్టుబొట్టుగా కాలవలోకి వదుల్తుంది.
ఆ చప్పుడు వింటూ కూచుంటే
ఒక సెప్టెంబరు నా పక్కనొచ్చి కూచుంది.

వంతల దొన్ను. ఇరవై రెండేళ్ళుంటాయేమో.
ఏజెన్సీ నుంచి ఆఖరి బస్సు, టాపు మీద మూట,
ఘాటీ దిగిన దగ్గర్నించీ వాన.
సీఐ గారికి తొందర.
నీళ్ళు కారుతున్న మూటని
గోనెతో సహా కాటా మీదికి ఎక్కించాం.
ముల్లు ఇరవై దాటి
ఒక్క గీత అవతల ఊగి, ఊగి, నిలబడింది.

ఇరవై లోపైతే చట్టం ఒక మనిషండి.
దాటితే ఇంకో మనిషి,
బెయిలడిగితే మొహం చూడదు.
నేను రాశాను.
నా దస్తూరీ ముత్యాలని జిల్లా అంతా పేరు.
సున్నాలు నోరు మూసుకునేలా గుండ్రంగా రాశాను.
పంచనామా చదివి వినిపిస్తే
ఆ కుర్రాడు "వాన, అయ్యా" అన్నాడు.
అంతే అన్నాడు.
అది ఏ గళ్ళోనూ పట్టలేదు.

పదేళ్ళు.

నిన్న రాత్రి అందరూ వెళ్ళాక
ఎరువుల కొట్లోంచి ఒక ఖాళీ గోనె తెచ్చాను.
పొడిది ఏడొందల గ్రాములు.
కాలవలో ముంచి తెచ్చి వేశాను: రెండుంబావు.
నీళ్ళు కారనిచ్చి మళ్ళీ వేశాను.
రెండు.
ఇంకా కారనిచ్చాను, ఇంకా.
మా మంచి కాటా, మనసు మార్చుకోదు.

చీటీ మీద రాశాను, అదే దస్తూరీ.
తేదీ వేశాను. సంతకం దగ్గర
పాత నంబరు వెయ్యబోయి ఆగాను,
ఇప్పుడు నాకు నంబరు లేదు కదా.
ఎవరికివ్వాలో తెలియక చొక్కా జేబులో పెట్టాను.

గోనె పిండి దండెం మీద వేశాను.
పొద్దున చూస్తే అంచులింకా కారుతున్నాయి.
మా వేపు గాలికి
గోనె ఆరడమంటే మాటలు కాదండి.